హోల్డాన్ అక్క

ఆమెకు ఏదో అయిందన్న అనుమానం మొదట వచ్చింది రాజమండ్రిలో ఉండే ఒకాయనకు. ఆమే నేనూ ఉండేది వరంగల్లోనే. మా రెండిళ్ళ మధ్య ఆటోలో పావుగంట దూరం. అయినా ఫోన్ చేసింది ఆయనే, ఆమె మొహం ఒక్కసారి కూడా చూడని మనిషి.

"అమ్మా, ఆవిడ మూడు రోజులుగా మన వ్యాసాల్లో ఒక్క మార్పూ చెయ్యలేదు. ఎప్పుడో మొదట్లో ఆవిడ ఆధారం లేకుండా రాసిన పేరా ఒకటి నిన్న తీసేశాను కూడా. మామూలుగా అయితే అరగంటలో నా మీదికి వచ్చేసేవారు. రాలేదు. నాకెందుకో మనసు బాగోలేదు. ఒక్కసారి వెళ్ళి చూసొస్తారా?"

బడి నుంచి అటే కొత్తవాడకు వెళ్ళాను. ఆమె ఉండే సందులో ఎప్పుడూ నేల మీద పరిచే దరీలు నేసే మగ్గాల చప్పుడు ఉంటుంది. ఆ రోజు లేదు. పక్కింటి నేతామె నన్ను చూసి అరుగు దిగి వచ్చింది.

"నిన్న పొద్దుగాల్నే అయిపాయె టీచరమ్మా. చెప్దామంటె నీ నంబరు ఎవల తాన లేకపాయె."

అక్కడే నిలబడి రాజమండ్రికి ఫోన్ చేశాను. సంగతి చెప్పాను. "ఆ పేరా మళ్ళీ పెట్టేస్తానమ్మా," అన్నాడు ఆయన.

"ఆధారం లేకుండా పెడితే ఆమే ఒప్పుకోదండీ," అన్నాను.

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకముందే ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఇంటర్నెట్‌లో తెలుగులో ఒక విజ్ఞాన సర్వస్వం ఉంది. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా రాయవచ్చు, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దవచ్చు. జీతం ఉండదు. రాసినవాళ్ళ పేరు వ్యాసం కింద కనబడదు. అయినా ఆ పని పట్టుకుని వదలని కొద్దిమందిలో మేం ముగ్గురం. ఆమె అక్కడ పెట్టుకున్న పేరు 'హోల్డాన్'. ములుగు రూట్లో ఇరవై ఏళ్ళకు పైగా బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బస్సు ఆపమని రోజంతా డ్రైవరుకు వినబడేలా అరిచిన మాటనే పేరుగా ఎంచుకుంది. అసలు పేరు అక్కడ ఎవరికీ చెప్పలేదు. నేనూ ఇక్కడ చెప్పను. మాకందరికీ ఆమె హోల్డాన్ అక్క.

నేను ఆమెను మొదట చూసింది గ్రంథాలయంలో. కొత్తవాళ్ళకు రాయడం నేర్పుదామని ఒక ఆదివారం కూర్చున్నాం. ఆరుగురు వచ్చారు. ఏడో మనిషిగా ఆమె వచ్చింది. చెవి మీద పెన్ను, భుజానికి తోలుసంచి. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఈడ రాసేటోళ్ళకు పెద్దమనిషి ఎవలు?"

"ఎవరూ లేరండీ. అందరూ రాయొచ్చు."

"అందరు రాసేకాడ గన్ని తప్పులెందుకున్నయి?"

"ఎవరూ దిద్దలేదు కాబట్టి."

నన్ను ఎగాదిగా చూసి కుర్చీ లాక్కుంది. "అయితె జర జరుగు. నేను దిద్దుత."

ఆమె కోపానికి కారణం ములుగు అవతల అడవిలో ఉన్న ఒక పల్లె. ఆ ఊరి వ్యాసంలో 'బస్సు సౌకర్యం కలదు' అని ఉంది. ఆ ఊరికి బస్సు పోదు. రోడ్డు మీద దిగి, వాగు దాటి నడవాలి. చంటిపిల్లలతో, యూరియా బస్తాలతో ఆ రోడ్డు మీద దిగినవాళ్ళను ఇన్నేళ్ళూ దింపింది ఆమే. ఆ రోజే ఆ వాక్యం కొట్టేసి 'బస్సు రాదు' అని రాసింది. సాయంత్రానికి ఎవరో దాన్ని మళ్ళీ పాత వాక్యంగా మార్చేశారు. కారణం దగ్గర 'మూలం లేదు' అని రాశారు. ఆ ఎవరో రాజమండ్రి ఆయన. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. ఆ విజ్ఞాన సర్వస్వంలో తగువులు తీర్చే నిర్వాహకుల్లో ఒకడు.

అక్క ఆయనకు ఆ వ్యాసం వెనకుండే చర్చా పేజీలో రాసింది: "అయ్యా, ఆ బస్సుకు నేనే కండక్టర్ని. నాకంటె మూలం ఎవలు?"

ఆయన జవాబిచ్చాడు: "మీరు చెప్పింది నిజమే అయివుంటుందమ్మా. కానీ రేపింకొకరు వచ్చి, నేనే డ్రైవర్నని చెప్పి అబద్ధం రాస్తే ఎలా ఆపుతాం?"

రెండు రోజులు ఆమె ఆ పేజీ వైపు వెళ్ళలేదు. మూడో రోజు నాకు ఫోన్ చేసింది. "మనిషి మంచోడు కాదు గని చెల్లె, మాట మంచిది."

తర్వాత వారం రోజులు గ్రంథాలయంలో పాత పేపర్ల కట్టలు తిరగేసింది. ఆ పల్లె పిల్లలు బడికి వాగు దాటి నడిచి పోతున్నారని జిల్లా పేజీలో వచ్చిన వార్త దొరికింది. దాన్ని చూపించి తన వాక్యం మళ్ళీ పెట్టింది. ఈసారి ఎవరూ తీయలేదు. ఆనాటి నుంచి మూలం విషయంలో రాజమండ్రి ఆయన కంటే ఆమే కఠినమైంది. "టికెట్ లేనోడు బస్సుల ఉండొద్దు, మూలం లేని మాట వ్యాసంల ఉండొద్దు," అనేది. ఎవరు రాశారన్నది చూసేది కాదు.

నా మీదా ఆ చెయ్యి పడింది. పాలకుర్తి గుట్ట మీది గుడి గురించి నేనొక వ్యాసం రాశాను. తెలుగు టీచర్ని కదా, పచ్చని ప్రకృతి ఒడిలో భక్తుల కొంగుబంగారమై విలసిల్లుతోందని మొదలుపెట్టాను. తెల్లారి చూస్తే ఆ వాక్యం లేదు. ఫోన్ చేశాను.

"అక్కా, ఆ వాక్యానికేమైంది?"

"ఎవల కొంగు చెల్లె? ఏం బంగారం? గుట్టకు మెట్లున్నయా, రోడ్డున్నదా, ముసలోళ్ళు ఎట్ల ఎక్కాలె, పైన నీళ్ళు దొరుకుతయా — అది రాయి. పోదామనుకున్నోనికి అది గావాలె."

నాకు రోషం వచ్చింది. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు మెట్ల సంగతి రాశాను.

ఆమె ఒక్క వేలితో టైపు చేసేది. తెర మీద పేజీ జరిపే ముందు టికెట్టు చింపుతున్నట్టే వేలు నాలుకకు అద్దుకునేది. 'ప్రచురించు' అన్న మీట నొక్కినప్పుడల్లా పైకే "రైట్ రైట్!" అనేది. గ్రంథాలయంలో పరీక్షలకు చదువుకునే వాళ్ళు ఉలిక్కిపడి చూసేవారు. ఆమెకు పట్టేది కాదు. భర్త దరీలు నేసేవాడు, ఆయన ఎప్పుడో పోయాడు. పిల్లల్లేరు. పుట్టింట్లో ఒక తమ్ముడు మాత్రం ఉన్నాడు. ఆమె పుట్టిన ఊరు ములుగు దారిలోనే.

ఆ ఊరి వ్యాసం దగ్గరే అసలు గొడవ మొదలైంది.

ఆ ఊళ్ళో ఒక పాత బడి ఉంది. అక్క చదువుకున్నది అందులోనే. ఒకరోజు వ్యాసంలో కొత్తగా ఒక వాక్యం కనిపించింది, ఆ బడి స్థలం ఇచ్చింది ఫలానా ఆయన అని. ఆ ఫలానా ఆయన, ఊళ్ళో అందరూ పటేల్ అని పిలిచే పెద్దమనిషికి తండ్రి. అక్క తన చిన్నప్పుడు వాళ్ళమ్మ దగ్గర విన్న మాట వేరు. ఆ జాగా ఇచ్చింది గాజులమ్ముకుని బతికిన బీబమ్మ అనే ముసలామె. అక్క ఆ వాక్యం తీసేసి 'మూలం లేదు' అని రాసింది. మర్నాడు అది తిరిగొచ్చింది. మళ్ళీ తీసింది. ఇంకో పేరుతో మళ్ళీ వచ్చింది. ఇలా వారం సాగింది. తీసేది ఎవరో పటేల్‌కు తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆ బడిలో చదువుకున్నానని, కండక్టరుగా చేశానని చర్చా పేజీలో ఆమే రాసుకుంది.

ఒక ఆదివారం పొద్దున నేను ఆమె ఇంట్లో ఉండగా సందు మొదట్లో రెండు కార్లు ఆగాయి. పటేల్ నలుగురిని వెంటేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా.

"ఏమ్మా, మా నాయన పేరు తీసేటిది నువ్వేనా?"

"నేనే పటేలా. లోపటికి రా, కూసో. చాయ్ పెడ్త."

"చాయ్ తాగ రాలే. ఎందుకు తీస్తానవో చెప్పు."

"అచ్చయిన కాయితం లేదు, అందుకని."

"కాయితమెందుకు? ఊరంత చెప్తది."

"ఊరంత చెప్పేదైతె నువ్వెందుకు రాసుకుంటానవ్?"

వెంట వచ్చిన వాళ్ళలో ఒకడు ముందుకు కదిలాడు. పటేల్ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"జాగ ఇచ్చింది గాజుల బీబమ్మ అని నువ్వు చెప్తానవట. మరి ఆమెకున్నదా కాయితం?"

"లేదు."

"లేకుంటె?"

"లేదు గనుకనే ఆమె పేరు సుత రాయలే. పోయి చూస్కో. మీ నాయన పేరు తీసిన, ఆమె పేరు పెట్టలే. నీకు మీ ఇంట్ల చెప్పిండ్రు, నాకు మా అమ్మ చెప్పింది. రెండు గూడ చెవుల వడ్డ మాటలే. కాయితం ఎవలది దొరికితె వాళ్ళది రాస్త. నీదే దొరికిందనుకో, నా చేతితోనే రాస్త."

 పటేల్ వెనక్కి తిరగబోయి ఆగాడు. "ఊర్ల నీ తమ్ముడున్నడు గదా. మంచిగున్నడా?"

"నాకంటె నీకే ఎర్కుంటది పటేలా. నీ చెల్కల నుంచే గదా పొలం కాడికి పోతడు."

కార్లు వెళ్ళాక ఆమె చాయ్ పెట్టింది. గ్లాసులో పోస్తుంటే కింద ఒలికింది. నేను గుడ్డ తెచ్చి తుడిచాను.

"భయమైంది చెల్లె," అంది. "భయమైతె ఏంది? భయమైతదని తప్పు రైటైతదా?"

ఆ రోజు నేనే అన్నాను, వదిలెయ్యి అక్కా, ఒక్క వాక్యమే కదా అని. ఈ మాట చెప్పకుండా దాటేయడం సరి కాదు కాబట్టి రాస్తున్నాను. ఆమె నావైపు చూడకుండానే, "ఒక్క వాక్యమే గదా అని వాడిడిసిపెడ్తాండా? వాడిడువంది నేనెందుకిడువాలె?" అంది.

తర్వాతి వారం తమ్ముడు వచ్చాడు. ఆమె కోడికూర వండింది. ఆయన పళ్ళెం ముందు కూర్చుని అన్నం కలపలేదు.

"అక్కా, నువ్వు పట్నంల ఉంటానవ్. నాకు ఊర్ల బతుకుడున్నది. నా పొలానికి తొవ్వ వాళ్ళ చెల్కల నుంచే. ఎల్లుండి సంది ఆ తొవ్వ బందంటాండ్రు. నా మొఖం జూసన్న ఇడిసిపెట్టు."

"తమ్మీ, తిను."

"ఇడిసిపెడ్తనంటె తింట."

ఆమె కూర గిన్నె ఆయన ముందుకు జరిపింది. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ ఏడు బతుకమ్మకు ఆమెకు పుట్టింటి నుంచి పిలుపు రాలేదు. కండక్టరుగా చేసిన కాలంలో సెలవు దొరక్కపోతే పండగ నాడు బస్సు ఊరి స్టేజీ దగ్గర ఆపించి, తమ్ముడు తెచ్చిన సద్దుల డబ్బా తీసుకుని సాగిపోయిన మనిషి. ఆ ఏడు తంగేడు పూలు కొనుక్కొచ్చి కొత్తవాడలోనే బతుకమ్మ పేర్చింది. నేను వెళ్ళాను. ఆమె నవ్వుతూనే ఉంది కానీ పాట అందుకోలేదు.

ఇంతలో పటేల్ మనుషులు విజ్ఞాన సర్వస్వంలో ఫిర్యాదు పెట్టారు. ఆమె ఆ ఊరి మనిషి, పాత కక్షతో రాస్తోందని. రాజమండ్రి ఆయన రెండు వైపులా చదివి, ఇద్దరూ నెల రోజులు ఆ పేజీ ముట్టుకోకూడదని తాళం వేశాడు. తాళం వేసేనాటికి అక్కడున్నది పటేల్ వాక్యం.

"తప్పున్న పూటనే తాళమేసిండు," అంది అక్క. నాతో ఆయనకు ఫోన్ చేయించి స్పీకర్లో పెట్టమంది. వాళ్ళిద్దరూ ఒకరి గొంతు ఒకరు వినడం అదే మొదలు.

"సారూ, నేను రాసుడు ఆపినవ్. మంచిది, రూలంటే రూలే. గని దేవులాడుడు ఆపలే గదా?"

"ఎలా ఆపుతానమ్మా? వెతకండి. నేనూ వెతుకుతాను."

వెతికాం. ఊరి బడికి వెళ్ళాం. గోడకు శిలాఫలకం లేదు. పాత రికార్డులన్నీ ఒక వానాకాలం చెదలు తినేశాయని హెడ్‌మాస్టరు చెప్పాడు. ఊళ్ళో ఎవరూ మాతో నోరు విప్పలేదు. తమ్ముడి ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. అక్క ఆ తలుపు ముందు నిలబడి, "ఇంట్ల లేనట్టున్నడు," అంది. లోపల రేడియో మోగుతూనే ఉంది.

ఆ బడి మొదటి హెడ్‌మాస్టరు కూతురు హన్మకొండలో ఉందని నేను ఆరా తీశాను. పండు ముసలామె. అక్క ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని అడిగింది. "మా బాపు ఆ బడి ముచ్చట ఒకపారి రాసిండు బిడ్డా," అందామె. "టీచర్ల సభకు పుస్తకం అచ్చేసిండ్రు, అండ్ల వచ్చింది. ఇల్లు మారినప్పుడు పోయింది." ఆ సభ ఎక్కడ జరిగిందో కూడా ఆమెకు గుర్తు లేదు.

ఉన్న ఆధారం ఇంతే. దాన్ని రాజమండ్రి ఆయనకు రాశాం. ఆయన కంటి పరీక్షకని హైదరాబాద్ వెళ్ళి, పరీక్ష అయ్యాక అక్కడ ఒక పాత గ్రంథాలయంలో రెండు రోజులు కూర్చున్నాడు. కంట్లో మందు వేయించుకుని, భూతద్దం పట్టుకుని. రెండో రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"దొరికిందమ్మా. పేజీ ఫొటో పంపిస్తున్నాను. ఆవిడ పక్కనున్నారా?"

పక్కనే ఉంది. కళ్ళజోడు తుడిచి, ఇంకోసారి తుడిచి చదివింది. స్థలం ఇచ్చింది గాజులమ్మే బీబమ్మ. గోడలకు వాగు నుంచి రాళ్ళు మోసింది కూలి ఆడవాళ్ళు. పైకప్పుకు దూలాలు ఇచ్చింది పటేల్ తండ్రి.

నెల గడువు తీరాక ఆమె ఆ మూడు సంగతులూ మూడు వాక్యాలుగా రాసింది. దూలాల వాక్యంలో పటేల్ తండ్రి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది.

"ఇంత చేసినవాళ్ళ పేరు మనమెందుకు పెట్టాలి అక్కా?" అన్నాను.

"ఇచ్చిండు గదా చెల్లె. ఇచ్చినోని పేరు ఎట్ల గుంజుకుంట? నేనేమన్న పటేల్నా?"

ఆ మూడు వాక్యాలకూ కాపలా కాయడమే తర్వాత ఆమె పనైంది. అప్పటికే మూత్రపిండాలు చెడిపోయి వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు దవాఖానకు పోతుండేది. ఒక చేతికి సూదులు, ఇంకో చేతిలో ఫోను. చెయ్యి కదపొద్దని నర్సు అరిస్తే, "కదిపేది ఈ చెయ్యి కాదు బిడ్డా, ఆ చెయ్యి," అనేది. అక్కడి నుంచే పక్క మంచాల వాళ్ళ ఊర్లడిగి, ఆ ఊర్ల వ్యాసాలు తెరిచి, వాళ్ళ ముందే తప్పులు వెతికేది.

ఒకరోజు నేను వెళ్ళేసరికి తమ్ముడు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె జబ్బు సంగతి ఆయనకు అప్పుడే తెలిసిందట.  ఆమె చేతిలో ఫోను వైపు చూపించి ఆయనే అన్నాడు.

"ఏం రాసినవో చదువు. నాకు రాదాయె."

ఆమె ఫోన్ తెరిచి చదివింది. మూడు వాక్యాలే కాబట్టి తొందరగా అయిపోయింది. ఆయన తల వంచుకుని విన్నాడు.

"అమ్మ సుత మోసింది గదా రాళ్ళు," అన్నాడు. "నన్ను సంకలేసుకొని మోసిందని చెప్తుండె. అమ్మ పేరు రాయకపోతివి?"

"పుస్తకంల అమ్మ పేరు లేదు తమ్మీ."

"నీ చేతిల పనే గదా అక్కా. ఒక్క పేరు."

 ఆమె సూదుల్లేని చెయ్యి చాచి ఆయన మోకాలి మీద వేసింది. "కూలి ఆడోళ్ళు మోసిండ్రు అని రాసిన. అండ్ల అమ్మ ఉన్నది. అమ్మతోని మోసిన అందరమ్మలున్నరు. ఒక్క అమ్మ పేరు నేను పెడ్తె, రేపు పటేల్ వచ్చి అడిగితె నేనేం మొఖం పెట్టుకొని వద్దనాలె?"

ఆయన భుజం మీది తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు. "తొవ్వ బంద్ వెట్టిండ్రు," అన్నాడు కాసేపటికి. "చుట్టు తిరిగి పోతాన. పోతె పోనీ తియ్. నడక నాకు కొత్తనా?"

ఆ తర్వాత డయాలిసిస్ ఉన్న ప్రతిసారీ ఆయనే బస్సెక్కి వచ్చి కూర్చున్నాడు. చివరి రోజున కూడా ఆయనే పక్కన ఉన్నాడట. తలకొరివి పెట్టిందీ ఆయనే.

పదకొండో రోజు కొత్తవాడలో భోజనాలయ్యాయి. రాజమండ్రి ఆయన రైల్లో వచ్చాడు. ఆమె ఫొటో ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఇలా ఉంటారా ఈవిడ!" అన్నాడు.  సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున బడికి బయల్దేరుతూ అలవాటుగా ఆ ఊరి పేజీ తెరిచాను. బీబమ్మ వాక్యం లేదు. రాళ్ళ వాక్యం లేదు. దూలాలిచ్చిన పటేల్ తండ్రి ఒక్కడే మిగిలాడు, అదీ స్థలదాతగా. ఆమె పోయిందని వాళ్ళకూ తెలిసింది మరి. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. చెప్పులు విప్పి, లాప్‌టాప్ తీసుకుని కూర్చున్నాను. అది తెరుచుకునేలోపే ఫోన్ మోగింది.

"అమ్మా, మీరేనా మళ్ళీ పెట్టింది?" అన్నాడు రాజమండ్రి ఆయన.

"లేదండీ, ఇప్పుడే పెట్టబోతున్నాను. మీరు కాదా?"

"నేనూ కాదు. చూడండి."

చూశాను. మూడు వాక్యాలూ వాటి చోట్లో ఉన్నాయి, కింద మూలంతో సహా. పెట్టినవాళ్ళ పేరు నేనెప్పుడూ చూడనిది. ఖాతా ఆ పొద్దునే తెరిచింది. కారణం రాసే చోట ఇలా ఉంది: "ఇది మా బడి. కాయితం ఉన్నది, ముందుగాల చదువుకో. మళ్ళ తీస్తె మళ్ళ పెడ్త."

మధ్యాహ్నం మళ్ళీ తీశారు. పది నిమిషాల్లో మళ్ళీ వచ్చాయి. ఈసారి పెట్టింది ఇంకో కొత్త పేరు. సాయంత్రం ఇంకోసారి తీశారు. నేను బస్సులో నిలబడి ఉన్నాను, ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో పేజీ తెరిచేసరికి మూడో మనిషి పెట్టేసి ఉన్నారు. ఆ రోజంతా నేను చేయడానికి అక్కడ పనేమీ మిగల్లేదు.